బరంపురంలో ‘కామెడీ’ అన్న మాట చూసి సినిమా టికెట్లు కొనేవారికి జాగ్రత్త హెచ్చరిక

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు నుంచి బరంపురం వెళ్ళి తెలుగు సినిమాలు చూసి వచ్చే మన వాళ్ళందరికీ ఈ హెచ్చరిక. గత ఆదివారం నాకు 1,050 రూపాయలు ఖర్చయ్యాయి, అంతకన్నా బాధాకరంగా ఇద్దరు పిల్లలు హాలు గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చారు.

మేనకోడలి పెళ్ళికి పట్టుచీరలు కొనడానికి వెళ్ళిన మాకు సాయంత్రం కొంత ఖాళీ దొరకడంతో, ఫోన్‌లో టికెట్ల యాప్ తెరిచి, తెలుగులోకి డబ్ చేసిన ఒక గూఢచారి చిత్రాన్ని ఎంచుకున్నాను. పేరు కింద పెద్ద అక్షరాలతో ‘కామెడీ’ అని ఉంది. పోస్టర్‌లో నల్లకోట్ల పెద్దమనుషులు ఒకరి మీద ఒకరు జారిపడుతున్నారు. అపరాధ పరిశోధన, నవ్వులు అనగానే నా వయసు వాళ్ళకు 1986 నాటి జంధ్యాల గారి ‘చంటబ్బాయ్’ తప్ప మరేం గుర్తుకు వస్తుంది? ఒక్కొక్కటి 180 చొప్పున ఐదు టికెట్లకూ, పైన సౌకర్య రుసుము కింద మరో 150కీ డబ్బు కట్టేశాను.

తలుపు దగ్గర టికెట్లు చూసే కుర్రాడు మా అమ్మాయినీ అబ్బాయినీ ఆపేశాడు. అది ‘ఎ’ సర్టిఫికెట్ చిత్రమట. అతడిని తప్పుపట్టను. ‘యూఏ’ చిత్రమైతే, ఇప్పుడు దానిని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టినా, పెద్దల విచక్షణ మీద పిల్లలను తీసుకువెళ్ళవచ్చు; ‘ఎ’ అయితే కన్నవాళ్ళు వెంట ఉన్నా 18 ఏళ్ళు నిండనివారికి ప్రవేశం లేదు. యాప్ మళ్ళీ తెరిచి వెతికితే ఆ అక్షరం నిడివి పక్కన, బూడిద రంగులో, ఆవగింజంత కనిపించింది. డబ్బు కట్టే పేజీలో మాత్రం దాని ప్రస్తావనే లేదు, వయసూ అడగలేదు. కౌంటర్‌లో అడిగితే యాప్ వాళ్ళను అడగమన్నారు. యాప్‌లో అడిగితే రద్దు గడువు దాటిపోయిందన్నారు. చివరికి మా బావమరిది పిల్లలతో బయటే ఉండిపోయాడు, నేనూ నా భార్యా లోపలికి వెళ్ళాము.

లోపల కూర్చున్నవారిలో సగం మంది మాలాగే వచ్చినవారని విశ్రాంతి తరువాత అర్థమైంది. అంతవరకు ఈలలతో సాగిన హాలు, అందరినీ నవ్విస్తున్న అమాయకుడు మాట మధ్యలో తుపాకి గుండుకు కూలిపోగానే ఒక్కసారిగా మూగబోయింది. ముందు వరుసలో ఒక యువకుడు పకపకా నవ్వితే, వెనక నుంచి ఒక పెద్దాయన “మనిషి చచ్చిపోతే నవ్వుతావేటి?” అని గద్దించారు. బయటికి వస్తూ ఒక పెద్దావిడ, సినిమాలో అందరూ వెంటపడిన రహస్య కాగితాల గురించి కొడుకును అడిగిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది: “ఇంతకీ ఆ కాగితాల్లో ఏటుందిరా?” “ఏటీ లేదమ్మా.” నిజానికి ఈ కోవ చిత్రాల కిటుకంతా ఆ జవాబులోనే ఉంది. హాలీవుడ్ దర్శకులు కోయెన్ సోదరులు 2008లో తీసిన ‘బర్న్ ఆఫ్టర్ రీడింగ్’ ఇంటికి వచ్చాక చూశాను. అందులోనూ అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మాజీ ఉద్యోగి రాతలున్న డిస్క్ ఒకటి వ్యాయామశాల సిబ్బంది చేతిలో పడితే, విలువలేని ఆ రహస్యం కోసం మనుషుల ప్రాణాలు పోతాయి. నాకు నచ్చింది కూడా. కాబట్టి నా ఫిర్యాదు చిత్రం మీద కాదు, దానిని పిల్లాపాపలతో చూసే నవ్వుల సినిమాలా అమ్మిన తీరు మీద. (డబ్బింగ్ మీద మాత్రం కొంత ఉంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి వాళ్ళం. ఎవరి నోటా వినని ఆ తెలుగును భరించడం కష్టమైంది.)

కనుక డబ్బు కట్టే ముందు ‘కామెడీ’ అన్న మాటను పక్కన పెట్టి, సర్టిఫికెట్ అక్షరాన్ని వెతకండి. కనపడకపోతే కౌంటర్‌కు వెళ్ళి అడిగి కొనండి. ఇప్పటికే మోసపోయినవారు టికెట్, రసీదు, యాప్ పేజీల స్క్రీన్‌షాట్లు దాచుకుని జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. నేను సోమవారం చేశాను, ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు, జవాబు ఇంకా రాలేదు.

నిన్న పాతపట్నం వెళ్ళే దారిలో ఒక గోడ మీద అదే పోస్టర్ కనిపించింది. ‘ఎ’ అక్షరం ఉండవలసిన మూలన ఎవరో పదో తరగతి ట్యూషన్ల కాగితం అంటించారు.