కరెంటు పోగానే తనంతట తానే మొదలయ్యే ఎయిర్ పంప్: పదకొండేళ్ల వాడకం తర్వాత

చేపల తొట్టెలోకి గాలి ఊదే ఈ ఏసీ డీసీ ఎయిర్ పంప్‌ను 2014 మొదట్లో కొన్నాను. లోపల 6 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపు ఛార్జ్ అవుతుంది, పోగానే ఎవరూ ముట్టుకోకుండా మొదలవుతుంది. గంటకు ఎంత గాలి, ఎన్ని వాట్లు అన్నవి అట్టపెట్టె మీదే రాసుంటాయి కాబట్టి వాటి జోలికి పోను. తనంతట తాను మొదలయ్యే ఆ ఒక్క గుణం గురించే చెప్పాలి. హుద్‌హుద్ తుఫాను రాత్రి నా చేపలు బతికి బయటపడింది దానివల్లే.

మాది విశాఖపట్నం. తొట్టె నాలుగడుగులది, దాదాపు 250 లీటర్ల ఉప్పునీళ్లు. అప్పట్లో రెండు క్లౌన్ చేపలు, రెండు డామ్సెల్‌లు, ఒక బ్లూ టాంగ్ ఉండేవి. పగడాలు లేవు, మన దేశంలో రాతిపగడాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది కాబట్టి వాటిని నేనెప్పుడూ పెట్టుకోలేదు. ఇంటికి ఇన్వర్టర్ ఉంది. అది ఉండగా బ్యాటరీ పంప్ ఎందుకని ఇంట్లో అందరూ అడిగారు. కొన్నాక నాకూ అదే అనుమానం వచ్చింది. తొట్టె దగ్గర వేరే ప్లగ్ ఖాళీ లేక, దీన్ని కూడా ఇన్వర్టర్ లైన్‌లోనే పెట్టాను. దాంతో రోజూ కరెంటు పోయినా దీనికి పోయినట్టే తెలిసేది కాదు. ఎనిమిది నెలల పాటు ఒక్కసారి కూడా మోగలేదు.

2014 అక్టోబర్ 12, ఆదివారం. తెల్లవారక ముందే కరెంటు పోయింది. మధ్యాహ్నం తుఫాను సరిగ్గా మా ఊరి మీదే తీరం దాటింది, గాలి గంటకు 170 కిలోమీటర్లు దాటి వీచింది. కిటికీ అద్దాలు పగిలి, గదుల్లోకి నీళ్లొచ్చి, తలుపులకు మంచాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. తొట్టె వైపు చూసే తీరిక ఎవరికీ లేదు. ఇన్వర్టర్ మీద కానిస్టర్ ఫిల్టర్ (తొట్టె నీళ్లను శుభ్రం చేసే మూత బిగించిన డబ్బా) తిరుగుతూనే ఉంది. చీకటి పడ్డాక గాలి తగ్గింది, అలసిపోయి ఎక్కడివాళ్లం అక్కడే పడుకున్నాం.

రాత్రి పదకొండు దాటాక ఒక చప్పుడుకి మెలకువ వచ్చింది. గుయ్‌మని, సన్నగా, ఆగకుండా. నిద్రమత్తులో మళ్లీ గాలి మొదలైందనుకున్నాను. టార్చి వేసి చూస్తే ఇన్వర్టర్ పూర్తిగా అయిపోయి ఉంది, ఫిల్టర్ ఆగిపోయి ఉంది, తొట్టెలో మాత్రం బుడగలు లేస్తున్నాయి. ఎనిమిది నెలలు మూగగా ఉన్న పెట్టె, అవసరమైన నిమిషంలో మోగింది. తప్పు చోట పెట్టాననుకున్న ప్లగ్గే సరైన చోటు. ఇన్వర్టర్ చచ్చేదాకా నిండుగా ఛార్జ్ అవుతూ ఉండి, ఆ తర్వాత పని అందుకుంది. అది మోగకపోతే నేను పొద్దున ఆరింటికి లేచేవాణ్ని. అప్పటికి ఏడు గంటలు నీళ్లు కదలకుండా ఉండేవి.

మంచినీళ్ల చేపలు పెంచేవాళ్లకు ఈ కంగారు అతిగా అనిపించవచ్చు. 28 డిగ్రీల దగ్గర మంచినీళ్లలో లీటరుకు దాదాపు 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, సముద్రపు నీళ్లలో 6.4 దగ్గరే ఆగిపోతుంది. మన కోస్తా ఉక్కపోతలో ఇంకా తక్కువ. టాంగ్ లాంటి పరుగుల చేపకు అది బొటాబొటి. బుడగలు చేసే అసలు పని నీళ్లను పైకి నెట్టి, ఉపరితలాన్ని కదపడం. ఆక్సిజన్ ఎక్కువగా లోపలికి వెళ్లేది ఆ కదలిక వల్లే. ఎయిర్ స్టోన్‌ను (ట్యూబు చివర బుడగలు వదిలే రాయిని) అడుగుకు దించకుండా సగం లోతులో వేలాడదీస్తే పంప్‌కు బరువు తగ్గి బ్యాటరీ కొంచెం ఎక్కువసేపు వస్తుందని ఆ వారంలోనే తెలుసుకున్నాను.

పది గంటలు వస్తుందని అమ్మినాయన చెప్పాడు. ఆ రాత్రి వచ్చింది ఏడు గంటలు. సోమవారం పొద్దున పంప్ ఆగింది. పాలకీ, పెట్రోలుకీ, మంచినీళ్లకీ ఊరంతా క్యూలు. చెట్లు పడి వీధులు మూసుకుపోయాయి, ఫోన్లు పనిచేయడం లేదు. మేం చెంబులు తీసుకున్నాం. తొట్టెలో నీళ్లు ముంచి, అడుగు ఎత్తు నుంచి మళ్లీ తొట్టెలోకే పోయడం. చేయి మార్చుకుంటూ నేను, మా ఆవిడ, మా అమ్మాయి వంతులవారీగా పోశాం. మేత పూర్తిగా ఆపేశాం. ఆరు రోజులు తినకపోతే ఆరోగ్యంగా ఉన్న చేపకు ఏమీ కాదు, తింటే మాత్రం అమ్మోనియా పెరిగి కష్టం.

మధ్యాహ్నం పంప్ మూత విప్పి చూస్తే లోపల ఉన్నది మా వంటింటి ఎమర్జెన్సీ లైట్‌లో ఉండే బ్యాటరీయే. అదే 6 వోల్టులు, అవే తగిలించే కొక్కేలు. లైట్‌లోంచి తీసి దీనికి పెడితే వెంటనే మోగింది. ఆ సంతోషం చెప్పలేను. కింది వాటా పిన్నిగారు విషయం విని తన లైట్ కూడా తెచ్చిచ్చారు. "మాకు కొవ్వొత్తులున్నాయి, నీ చేపలకి పెట్టుకో బాబూ" అన్నారు. మంగళవారం నుంచి ఎదురు అపార్ట్‌మెంట్‌లో నీళ్లెక్కించడానికి పొద్దున గంట, సాయంత్రం గంట జనరేటర్ వేశారు. ఫోన్లు పట్టుకున్న జనం మధ్య రెండు ఎమర్జెన్సీ లైట్లు, ఒక ఎయిర్ పంప్ పట్టుకుని నేనూ నిలబడ్డాను. ఈ రకం బ్యాటరీ నిండడానికి ఎనిమిది, పది గంటలు కావాలి. గంటకు వచ్చేది కొంచెమే. అందుకే పగలంతా చెంబు, రాత్రి పంప్ అని పెట్టుకున్నాం. రాత్రి కూడా పావుగంట వేసి పావుగంట ఆపడం. అర్ధరాత్రి దాకా నేను, తర్వాత మా ఆవిడ.

శుక్రవారం మధ్యాహ్నం కరెంటు వచ్చింది. వీధంతా కేకలు, చప్పట్లు. నేను మేడ మీద ఉన్నాను. కిందికి దిగేసరికి హాల్లో కుళ్లిన గుడ్ల వాసన. ఐదు రోజులు మూసి ఉన్న కానిస్టర్ ఫిల్టర్, ప్లగ్ తీయకుండా వదిలేశాను కాబట్టి, అదీ తనంతట తానే మొదలైంది. లోపల ఆక్సిజన్ లేక, నీళ్లను శుభ్రం చేసే బ్యాక్టీరియా చచ్చి, నల్లగా మారిన నీళ్లన్నీ తొట్టెలోకి వచ్చేశాయి. ముందే కలిపి పెట్టుకున్న 40 లీటర్ల ఉప్పునీళ్లతో చేతనైనంత మార్చాను. క్లౌన్‌లు, డామ్సెల్‌లు తట్టుకున్నాయి. టాంగ్ ఆ రాత్రి చచ్చిపోయింది. ఐదు రాత్రులు మేలుకుని నిలబెట్టుకున్న చేప, కరెంటు వచ్చిన పూట పోయింది. ఇప్పటికీ ఆ బాధ పోలేదు. కరెంటు పోగానే కానిస్టర్ ప్లగ్ పీకేయండి. కొన్ని గంటలు దాటితే విప్పి కడగకుండా మళ్లీ వేయకండి.

పంప్ సంగతికొస్తే, ఆ వారం అడుగంటా వాడేసినందుకు మొదటి బ్యాటరీ తర్వాతి వేసవికే పనికిరాకుండా పోయింది. ఇప్పటికి నాలుగు మార్చాను. రెండేళ్లు దాటితే ఏడు గంటలు మూడుకు పడిపోతుంది, బయటికి చూస్తే ఏమీ తెలియదు, పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది. లోపలి రబ్బరు రెండుసార్లు వేయించాను. ట్యూబుకు నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు దీనితో రాదు. 2017లో ఒకసారి బ్యాటరీ అయిపోయి పంప్ ఆగితే, తొట్టె నీళ్లు ట్యూబులోంచి వెనక్కి లాగి పంప్‌లోకి, అక్కడినుంచి నేల మీదికి వచ్చాయి. ఉప్పునీళ్లు తగిలిన తీగలన్నీ తుప్పుపట్టాయి. అప్పటినుంచి ఇరవై రూపాయల వాల్వు వేసి, పంప్‌ను నీటిమట్టం కంటే పైన అల్మారాలో పెట్టాను. బుడగలు చిట్లి మూత చుట్టూ ఉప్పు పేరుకోవడం కూడా తప్పదు.

నిజం చెప్పాలంటే హుద్‌హుద్ లాంటి పరీక్ష దీనికి మళ్లీ రాలేదు. నా మెప్పంతా ఆ ఒక్క వారం మీద నిలబడింది. ఇప్పుడు వచ్చే యూఎస్‌బీ పంపులు తేలిక, పవర్ బ్యాంకు తగిలిస్తే నడుస్తాయి. అప్పుడు నా దగ్గర అలాంటిది ఉంటే జనరేటర్ దగ్గర నిలబడే పని సగం తగ్గేది. ఈ మధ్య ఒకటి కొన్నాను కానీ, ఇంకా ఏడాది కూడా కాలేదు, దాన్ని నమ్మి చెప్పలేను. మీది పగడాల తొట్టె అయితే, లేదా కింద సంప్ (నీళ్లు శుభ్రపడే రెండో తొట్టె) ఉండి చేపలు ఎక్కువైతే, ఒక్క ఎయిర్ పంప్ చాలకపోవచ్చు. చేపలు మాత్రమే ఉన్న తొట్టె, పక్కన ఇన్వర్టర్, తుఫాన్ల ఊరు, ఇది నా పరిస్థితి. ఇందులో నాకు ఇది సరిపోయింది.

నెలకోసారి ఇన్వర్టర్ లైన్‌లోంచి పంప్ ప్లగ్ తీసి చూస్తాను. ఈ ఉదయం తీస్తే వెంటనే మోగింది, కానీ మూడున్నర గంటలే నడిచి ఆగింది. అక్టోబర్ రాకముందే ఐదో బ్యాటరీ కొనాలి. ఈసారి రెండు తెస్తాను, ఒకటి పిన్నిగారి లైట్‌కు.