ట్రెల్లో: పని ఎక్కడ ఆగుతోందో చూపించిన బోర్డు

మాది ఆరుగురం పనిచేసే చిన్న ప్రింటింగ్ ప్రెస్. "మా బిల్లు పుస్తకాలు ఎంతవరకొచ్చాయండీ?" అని ఫోన్ వస్తే ముందు డీటీపీ చేసే అమ్మాయిని, తర్వాత మెషిన్ దగ్గరి కుర్రాణ్ణి, ఆఖరికి బైండింగ్ వాళ్లని అడిగి చెప్పాల్సి వచ్చేది. ఏడాదిగా ట్రెల్లో అనే యాప్ వాడుతున్నాం. ఆ టెన్షన్ పోయింది.

స్క్రీన్ మీద ఒక బోర్డు, అందులో పని దశలకి వరసలు, ఒక్కో జాబుకి, అంటే ఒక్కో ఆర్డరుకి, ఒక కార్డు. దశ పూర్తయితే కార్డుని పక్క వరసలోకి జరపడమే. ట్రెల్లో 2011లో వచ్చింది, 2017 నుంచి అట్లాసియన్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతిలో ఉంది. పద్ధతి మాత్రం పాతదే, జపాన్‌లో టయోటా వాళ్లు ఫ్యాక్టరీ పనిని నడపడానికి వాడిన కాన్‌బాన్ కార్డులది.

దీన్ని మొదలుపెట్టే ముందు రెండు వారాలు గోడ మీద చీటీలతో నడిపాం. నాకు కళ్లు తెరిపించింది ఆ రెండు వారాలే. ఆలస్యమంతా మెషిన్ వల్లేనని నమ్మి, రెండోది కొనడానికి లెక్కలు కూడా వేసుకున్నాను. తీరా చూస్తే మెషిన్ వరసలో 2 చీటీలు, "ప్రూఫ్ పంపాం" వరసలో 11. మేము పంపిన నమూనా చూసి కస్టమర్ ఓకే చెప్పలేదు, మేము మళ్లీ అడగలేదు. ఇప్పుడు పొద్దున్నే మొదటి ఫోన్లు ఆ వరసలో ఉన్నవాళ్లకే. మెషిన్ కొనే ఆలోచన మానుకున్నాను.

నాకు బాగా నచ్చింది కార్డులోని చెక్‌లిస్ట్. ఒకసారి బిల్లు పుస్తకాల నంబరింగ్ 501 నుంచి వేయాల్సింది 1 నుంచి వేశాం. మొత్తం మళ్లీ కొట్టాం. ఇప్పుడు సైజు, జీఎస్ఎం (పేపర్ బరువు), కాపీలు, నంబరింగ్ ఎక్కణ్ణుంచి మొదలు, ఇలా అన్నిటికీ టిక్ పడితేనే కార్డు ప్రింటింగ్‌లోకి వెళ్తుంది.

ఉచిత ప్లాన్ మాకు సరిపోతోంది. కాకపోతే అందులో ఒక్కో ఫైల్ 10 ఎంబీ దాటకూడదు. ప్రింట్‌కి వెళ్లే పీడీఎఫ్‌లు అంతకంటే పెద్దవి కాబట్టి వాటిని ఆన్‌లైన్ డ్రైవ్‌లో పెట్టి కార్డుకి లింకు తగిలిస్తున్నాం. బిల్లింగ్, పేపర్ స్టాక్ దీంతో చూద్దామని మాత్రం అనుకోకండి, వాటికి వేరే సాఫ్ట్‌వేర్ ఉండాల్సిందే.

మెషిన్ నడిపే కుర్రాడు మొదట్లో దీని జోలికి వచ్చేవాడు కాదు. చేతులకి ఇంకు, జేబులో ఫోన్, ఎలా తీస్తాడు? అతని పక్క గోడకి పాత ట్యాబ్ ఒకటి బిగించాం. ఇప్పుడు జాబు దిగగానే చేతులు తుడుచుకుని కార్డు తనే జరుపుతున్నాడు.