చెయ్యి మంచిది, మాట కాదు: ఒక ఆటోనగర్ షెడ్డుతో ఆరేళ్ళు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి ఆరేళ్ళుగా కారు ఇస్తున్నాను. పేరు రాయను. అక్కడ సగం షెడ్లు ఇలాగే నడుస్తాయి, ఒక్కణ్ణి పట్టుకుని ఏం లాభం? నా డీజిల్ బండి పాతదే, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటింది. వారంటీ అయిపోయాక కంపెనీ సర్వీసు మానేసి ఇక్కడికి మారాను.

ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం లాంటి చిన్న పనుల్లో వంక పెట్టడానికి లేదు. పొద్దున ఇస్తే సాయంత్రానికి ఇచ్చేస్తారు. అసలు రంగు బయటపడింది 2024 ఏప్రిల్‌లో, క్లచ్ పోయినప్పుడు.

ఓనరు కాగితం మీద రాసిచ్చిన లెక్క: క్లచ్ సెట్టు 7,800, లేబర్ 4,200, గేర్ ఆయిల్ వెయ్యి. మొత్తం 13,000. "నాలుగు రోజులు సార్" అన్నాడు. పట్టింది పందొమ్మిది రోజులు.

నాకు ఆలస్యంగా తెలిసిన కిటుకు ఒకటుంది. సామాను తెప్పించకముందే గేర్‌బాక్స్ దింపేస్తారు. దింపాక బండి ఇంకెక్కడికీ పోలేదు, మనమూ పోలేం. ఇక ఆ తరవాత వాళ్ళ తీరికే. మొదటి సెట్టు వేరే మోడల్‌ది వచ్చింది. క్లచ్ ఆనుకుని తిరిగే చక్రం, అదే ఫ్లైవీల్, నున్న చేయించడానికి లేత్ షాపుకి వెళ్ళి అక్కడ వరసలో కూర్చుంది. పని చేసే కుర్రాడు వాళ్ళ ఊళ్ళో జాతరకి వెళ్ళాడు. ఎప్పుడు ఫోన్ చేసినా "రేపు రండి సార్". మా చిన్నప్పుడు ఊళ్ళో దయ్యం భయానికి తలుపుల మీద "రేపు రా" అని రాసేవాళ్ళు. అది చదువుకుని రోజూ వెనక్కి తిరిగిన దయ్యం బాధేమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఆఫీసుకి ఆటోలకే ఐదు వేలు దాటాయి, అది ఏ బిల్లులోనూ రాదు.

చివరికి బిల్లు చేతిలో పెట్టారు: 23,140. ఫ్లైవీల్ లేత్ పని 1,200, ఇంజిన్ మౌంటింగ్ 2,150, కన్స్యూమబుల్స్ పేరుతో 800. మౌంటింగ్ పగిలిన మాట నిజమే, పాతది చూపించారు. ముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే కిక్కురుమనేవాణ్ణి కాదు. కానీ వైపర్ బ్లేడ్లు 650, ఇంజెక్టర్ క్లీనింగ్ 2,400 ఎవరు అడిగారు? క్లచ్ పోయిన బండికి ఇంజెక్టర్లతో ఏం పని? ఆపైన లేబర్ మీద 18 శాతం జీఎస్టీ 756, క్లచ్ సెట్టు మీద 28 శాతం చొప్పున 2,184.

ఆ 2,184 దగ్గర నేను ఆగాను. ఖాళీ పెట్టె అక్కడే బల్ల కింద పడి ఉంది. దాని మీద ఎమ్మార్పీ 7,800, పక్కనే "అన్ని పన్నులు కలిపి" అని అచ్చేసి ఉంది. పన్ను కలిపిన ధర మీద మళ్ళీ పన్నేమిటండీ అని పెట్టె ఎదురుగా పెట్టాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయమని మా బావమరిది పొద్దుటి నుంచీ పోరుతున్నాడు. అంతదాకా పోనక్కర్లేకుండానే ఓనరు పెన్ను తీసి ఆ వరస కొట్టేశాడు, వైపర్లూ ఇంజెక్టర్లూ కూడా కొట్టేశాడు. 17,906 తేలితే ఆరు రూపాయలు వదిలేసి పెద్ద సాయం చేసినట్టు మొహం పెట్టాడు.

మరి మళ్ళీ ఎందుకు వెళ్తున్నానంటే, ఆ క్లచ్ వేసిన పెద్ద మెకానిక్ కోసం. బాబాయ్ అంటాను ఆయన్ని. బానెట్ ఎత్తకుండా, పక్క సీట్లో కూర్చుని రెండు వీధులు తిరిగితే చాలు, రోగం చెప్పేస్తాడు. ఏసీ షోరూములో కంప్యూటర్ పెట్టి చూసినా దొరకని శబ్దాన్ని ఒకసారి "స్టెపినీ బోల్టు వదులైంది బాబూ" అని రెండు నిమిషాల్లో తేల్చాడు, డబ్బులు తీసుకోలేదు. క్లచ్ ఇప్పటికీ వెన్నలా ఉంది.

అందుకని షెడ్డు మార్చకుండా నా పద్ధతి మార్చుకున్నాను. 2025 నవంబర్‌లో లోయర్ ఆర్ములు, షాకబ్జార్బర్లు మార్చాల్సి వచ్చినప్పుడు లెక్క వాట్సాప్‌లో రాసి పంపమన్నాను. అడగకుండా ఏదీ విప్పొద్దన్నాను. బాబాయ్ చీటీ రాసిస్తే స్పేర్లు నేనే ఆటోనగర్‌లో కొని తెచ్చాను. అప్పటికి స్పేర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది (సెప్టెంబర్ 22 నుంచి), కాబట్టి పెట్టె మీద పాత ధర ఉంటే కొత్త ధరెంతని అడిగే తీసుకున్నాను. ఓనరుకి ఇది నచ్చలేదు, స్పేర్ల మీద మిగిలేది పోయింది కదా. లేబర్ ఐదొందలు పెంచాడు. సరే అన్నాను, అది న్యాయమే. సామానంతా చేతికొచ్చాకే బండి ఇచ్చాను. ఒక రోజన్న పని రెండు రోజులైంది, బిల్లు చెప్పినంతే వచ్చింది. పాత సామాను గోనెసంచిలో వేసి డిక్కీలో పెట్టించుకున్నాను.

పనితనానికి పదికి తొమ్మిది, మాటకి రెండు. ఆ రెండూ బాబాయ్‌వే.

మొన్నటి నుంచి ఏసీ సరిగ్గా చల్లబడడం లేదు. ఫోన్ చేస్తే "బండి వదిలేసి వెళ్ళండి సార్, చూద్దాం" అన్నాడు ఓనరు. ఎంతవుతుందో చెప్పండి, అప్పుడు తెస్తానన్నాను.

రేపు చెప్తానన్నాడు.