క్యాష్ వ్యాన్ గన్‌మ్యాన్‌కి ఏ బెల్టు మేలు: తోలుదా, నైలాన్‌దా, రెండు పొరలదా?

ఆర్మీ నుంచి పింఛను మీద వచ్చి, లైసెన్సు తుపాకీతో బ్యాంకుల డబ్బు మోసే క్యాష్ వ్యాన్ ఎక్కే తమ్ముళ్ళు నెల్లూరు, ఒంగోలు, గిద్దలూరు వైపు చాలామందే ఉన్నారు. జీతమెంత, డ్యూటీ ఎన్ని గంటలు అని అడిగాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, బెల్టు ఏది కొనమంటావు?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. నేను ఈ మధ్యే తోలు బెల్టు పక్కనపెట్టి రెండు పొరల బెల్టుకి మారాను, కాబట్టి నా మొగ్గు ఎటో చదువుతుంటే తెలిసిపోతుంది. అయినా తోలు బెల్టును తీసిపారేయను, దాని మంచి దానికుంది.

ఇది 12 బోర్ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ మోసేవాళ్ళ కోసం, దానితోపాటు .32 పిస్టల్ పెట్టుకునే కొద్దిమంది కోసం. రైఫిల్ క్లబ్బులో చేరిన పిల్లల తల్లిదండ్రులు కూడా ఒకరిద్దరు అడిగారు. వాళ్ళకి ఈ గొడవే అక్కర్లేదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) పోటీల్లో రైఫిల్ షూటర్ నడుము బెల్టు 40 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం దాటకూడదు. ఇంట్లో ఉన్న మామూలు బెల్టు చాలు.

మన దగ్గర ఎక్కువమంది నడుముకి కనిపించేది తోలు కార్ట్రిడ్జ్ బెల్టే. వరసగా లూపులు, ఒక్కో లూపులో ఒక్కో రౌండు, అంటే తూటా. పాలిష్ పెడితే హుందాగా ఉంటుంది. బ్యాంకు గేటు దగ్గర నిలబడితే జనం పక్కకి జరుగుతారు, అదీ డ్యూటీలో భాగమే. తోలుకి ఈ దర్జా ఊరికే రాలేదు. 1858లో సిపాయిల తిరుగుబాటు కాలంలో శామ్ బ్రౌన్ అనే ఇంగ్లీషు అధికారికి ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో జరిగిన పోరులో ఎడమ చెయ్యి పోయింది. ఒంటిచేత్తో కత్తి దూయడానికి వీలుగా భుజం మీదుగా అడ్డపట్టీ ఉన్న బెల్టు కట్టుకున్నాడు. పరేడ్‌లో పోలీసు అధికారుల ఒంటి మీద ఇప్పటికీ కనిపించే క్రాస్ బెల్టు అదే.

అయితే తోలుకి మన వాతావరణం పడదు. మే నెలలో నెల్లూరులో నలభై డిగ్రీలు దాటిన ఎండ, పైన సముద్రపు ఉప్పుగాలి, వ్యాన్ లోపల ఆవిరి. నడుము దగ్గర చొక్కా మధ్యాహ్నానికే తడిసిపోతుంది. రౌండ్లను నెలల తరబడి తోలు లూపుల్లోనే వదిలేస్తే ఇత్తడి అడుగు చుట్టూ పచ్చగా, మైనంలా జిగటగా చిలుము పడుతుంది. తోలు పదును పెట్టినప్పుడు అందులో మిగిలిన ఆమ్లాలు, మన చెమట కలిసి చేసే పని అది. గోటితో గీరితే గోరు కింద పచ్చటి ముద్ద చేరుతుంది. అది పేరుకుంటే రౌండు చాంబర్లోకి, అంటే గొట్టంలో అది కూర్చునే చోటుకి, పూర్తిగా దిగదు. దిగినా పేల్చాక ఖోకా (ఖాళీ తొడుగు) ఊడి రాదు. ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ రౌండయినా, ఇంకేదయినా ఇదే కథ. ఇత్తడి పూత మాత్రమే ఉన్న ఇనుప అడుగు అయితే చిలుముకి బదులు తుప్పు పడుతుంది, అంతే తేడా.

తోలు బెల్టే వాడతాననేవాళ్ళు ఒక్క అలవాటు చేసుకోండి. డ్యూటీ దిగాక రౌండ్లు తీసి పొడిగుడ్డతో తుడిచి, తాళమున్న పెట్టెలో విడిగా పెట్టండి. నూనె మాత్రం రాయొద్దు. నూనె ప్రైమర్‌లోకి, అంటే రౌండు అడుగున నిప్పు పుట్టించే బిళ్ళలోకి దిగితే రౌండు పేలకపోవచ్చు.

ఇక అసలు విషయం. బెల్టు మంచిదా కాదా అనేది తోలా నైలానా అన్నదానిమీద కాదు, అది నడుము మీద కదులుతుందా లేదా అన్నదానిమీద ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం. క్యాష్ వ్యాన్ పనిలో రోజంతా ఎక్కడం, దిగడం, కూర్చోవడం, లేవడం. ప్యాంటు బెల్టు మీద విడిగా కట్టిన కార్ట్రిడ్జ్ బెల్టు ఒక్కసారి దిగినప్పుడు వేలెడు జరుగుతుంది. ఒంగోలులో బయల్దేరినప్పుడు బొడ్డుకి ఎడమ పక్కన ఉన్న రౌండ్లు కనిగిరి చేరేసరికి వెన్ను వైపు పోయి ఉంటాయి. మామూలు రోజున చేత్తో సర్దుకుంటాం. అవసరమైన రోజున చెయ్యి అలవాటైన చోటుకే పోతుంది, అక్కడ రౌండ్లు ఉండవు. డబుల్ బ్యారెల్‌లో ఉండేవి రెండే, మూడోది బెల్టు నుంచే రావాలి. కిందికి చూడకుండా పౌచ్ తెరిచే దాకా ఆర్మీ ట్రైనింగులో మన ఉస్తాదులు ఎందుకు సతాయించారో గుర్తుందిగా.

ఈ కదలికని ఆపడానికి పాత పద్ధతి ఒకటుంది. రెండు బెల్టులనీ కలిపి పట్టే చిన్న తోలు పట్టీలు, టిచ్ బటన్లు ఉన్నవి, పోలీసులు వాడతారు. నడుము చుట్టూ నాలుగు వేస్తే బెల్టు బాగానే నిలబడుతుంది. డబ్బు పెట్టలేమనేవాళ్ళకి ఇదే చాలు. కాకపోతే బాత్రూముకి వెళ్ళిన ప్రతిసారీ నాలుగు బటన్లూ విప్పాలి, మళ్ళీ పెట్టాలి. మూడో రోజు నుంచి ఎవరూ పెట్టరు.

రెండు పొరల బెల్టు చేసేది ఈ పనే, బటన్ల గోల లేకుండా. లోపలి బెల్టు పలచగా ఉండి ప్యాంటు లూపుల్లోంచి పోతుంది. దాని బయటివైపు మొత్తం మెత్తటి వెల్క్రో. బయటి బెల్టు గట్టిగా ఉండి, దాని లోపలివైపు గరుకు వెల్క్రో ఉంటుంది. రెండూ చుట్టూరా అతుక్కుంటాయి. అతుక్కున్నాక బకిల్ పెట్టకపోయినా జారదు. లోపలిది మొలతాడులా ఒంటి మీదే ఉండిపోతుంది. బయటిది పౌచులతో సహా ఒక్క గుంజుతో చేతిలోకి వస్తుంది. భోజనానికి కూర్చున్నప్పుడు, బాత్రూముకి వెళ్ళేటప్పుడు విప్పి తోటి గన్‌మ్యాన్ చేతికిచ్చి వెళ్ళొచ్చు. తిరిగి పెట్టుకున్నప్పుడు ప్రతి వస్తువూ ఎక్కడిదక్కడే ఉంటుంది. నన్ను మార్చింది ఈ ఒక్క సుఖమే.

కొనేముందు మూడు సంగతులు చూడండి. మెత్తటి వెల్క్రో లోపలి బెల్టుకే ఉండాలి. చవక సెట్లలో కొన్ని తిరగేసి కుడతారు. అప్పుడు బయటి బెల్టు తీయగానే గరుకు వైపు చొక్కా అంచునీ, వ్యాన్ సీటు గుడ్డనీ పట్టుకుని పీకుతుంది. రెండోది సైజు. ప్యాంటు మీద 34 అని ఉంది కదా అని బయటి బెల్టు 34 తెప్పించుకుంటే చాలదు. యూనిఫామ్ వేసుకుని, లోపలి బెల్టు పెట్టుకుని, దాని పైనుంచి టైలర్ టేపుతో కొలిచి ఆ అంకె ఇవ్వండి. మూడోది బిగువు. ఖాళీ పిస్టల్ ఉన్న హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) తగిలించి అరచేత్తో కిందికి నొక్కండి. బెల్టు పై అంచు నడుము నుంచి బయటికి వాలిపోతే అది మెత్తటి సరుకు, వెనక్కి పంపేయండి.

దీనికీ లోపాలు లేకపోలేదు. పొదిలి, పామూరు రోడ్ల దుమ్ము, చొక్కా నూలు వెల్క్రోలో ఇరుక్కుని పట్టు తగ్గుతుంది. పాత టూత్‌బ్రష్‌తో వారానికోసారి గీకితే సరిపోతుంది. ఉతికితే మామూలు నీళ్ళలో ఉతికి నీడలో ఆరేయాలి. విప్పేటప్పుడు చర్రుమని శబ్దం వస్తుంది. బ్యాంకులో అందరూ తిరిగి చూస్తారు, అలవాటైపోతుంది. ధర కూడా తోలు దానికంటే ఎక్కువే.

ఒకే పొర నైలాన్ బెల్టు, అంటే ఒకటిన్నర రెండు అంగుళాల వెడల్పుతో గట్టి బకిల్ ఉన్నది, పిస్టల్ ఒక్కటే పెట్టుకునేవాళ్ళకి బాగుంటుంది. ప్యాంటు లూపుల్లోంచే పోతుంది కాబట్టి కదలదు. కానీ తీయాలంటే పౌచులు ఒక్కొక్కటీ లాగాలి. పది పన్నెండు గంటల డ్యూటీకి అది విసుగు.

లోపల స్పాంజి ఉన్న వెడల్పాటి బెల్టులు ఆర్మీలో వాడినవాళ్ళు వాటినే అడుగుతారు. బరువు మోస్తూ నడిచేవాడికి తుంటి ఎముక నొప్పి లేకుండా కాస్తాయి, నిజమే. ఇక్కడ నడక తక్కువ, కూర్చోవడం ఎక్కువ. స్పాంజి చెమట పీల్చి, వారం తిరక్కుండా నడుము చుట్టూ చెమటకాయలు లేస్తాయి. తొడకి కట్టే హోల్‌స్టర్, ఛాతీ మీద వేసుకునే రిగ్గు గురించి కూడా అడుగుతున్నారు. మొదటిది వ్యాన్ దిగేటప్పుడు తలుపుకి కొట్టుకుంటుంది, రెండోది సీటు బెల్టుకి అడ్డం. వద్దు.

ఇక బెల్టు మీద ఏది ఎక్కడ పెట్టాలి. నడుమును గడియారం అనుకుని బొడ్డు దగ్గర 12 పెట్టుకోండి, కుడి తుంటి 3, వెన్ను మధ్య 6. కుడిచేతి వాళ్ళకి చెబుతున్నా, ఎడమచేతి వాళ్ళు తిప్పుకోండి.

పిస్టల్ ఉంటే సరిగ్గా 3 దగ్గర. హోల్‌స్టర్ ఆ పిస్టల్ అచ్చుకే చేసినదై ఉండాలి, ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుపోవాలి. అన్నిటికీ సరిపోతుందని అమ్మే గుడ్డ హోల్‌స్టర్లు పిస్టల్ తీయగానే మూతి ముడుచుకుంటాయి. తిరిగి పెట్టాలంటే రెండో చెయ్యి కావాలి, ఆ రెండో చెయ్యి వేళ్ళు పిస్టల్ మూతి ముందుకొస్తాయి. వాటి జోలికి పోకండి.

12 బోర్ రౌండ్లు ఎడమవైపు 9 నుంచి 11 దాకా. కుడిచెయ్యి తుపాకీ మెడ వదలకుండా ఎడమచేత్తో నింపాలి కాబట్టి. ఇత్తడి అడుగు పైకి ఉండేలా పెట్టండి. దాని అంచు లూపు మీద ఆగి రౌండు కిందికి జారదు, తీసేటప్పుడు వేలికి పట్టు దొరుకుతుంది. పాతిక రౌండ్లు మొత్తం కట్టుకోవాలనే పట్టుదల వద్దు, కిలో బరువు పైమాటే. పన్నెండు పెట్టుకుంటే బెల్టు నిటారుగా నిలుస్తుంది. మిగతావి వ్యాన్‌లో ఎక్కడ ఉంచాలో ఏజెన్సీ నియమం చెబుతుంది. ఎలాస్టిక్ లూపులు ఎండకి సాగుతాయి. బెల్టు తలకిందులు చేసి దులిపితే రౌండు రాలిందంటే లూపుల పట్టీ మార్చేయాలి.

5 నుంచి 7 దాకా ఏమీ పెట్టకండి, ఖాళీగా వదలండి. ఇది గట్టిగా చెబుతున్నా. వెన్నెముక మీద టార్చో, సంకెళ్ళ పౌచో పెట్టుకుని నెల్లూరు నుంచి ఉదయగిరి దాకా సీటుకి ఆనుకుని కూర్చుంటే రాత్రికి నడుము పట్టేస్తుంది. వెనక్కి పడితే ఇంకా ప్రమాదం. గాయాల కట్టు పౌచ్ 8 దగ్గర పెట్టండి. రక్తం ఆపే టోర్నికె మాత్రం 12కి దగ్గరగా, రెండు చేతుల్లో ఏ చేతికైనా అందేలా ఉండాలి. చిన్న టార్చి 2 దగ్గర. పల్లెల్లో సాయంత్రం 6 తర్వాత ఏటీఎంలో నగదు నింపకూడదని క్యాష్ వ్యాన్ల 2018 నిబంధనలు చెబుతున్నా, పట్టణంలో రాత్రి 9 దాకా పని నడుస్తుంది. ఏటీఎం గది వెనకాల లైటు ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు.

అన్నీ అమర్చాక తుపాకీ ఖాళీ చేసి, డమ్మీ రౌండ్లతో ఇంట్లోనే కుర్చీలో కూర్చుని లేచి చూడండి. ఏది గుచ్చుకుంటుందో, ఏది మోచేతికి తగులుతుందో అప్పుడే బయటపడుతుంది.

యూనిఫామ్ కుట్టించేటప్పుడే టైలర్‌కి ఒక మాట చెప్పండి. మామూలుగా ఐదు లూపులు, ఒకటిన్నర అంగుళానికి కుడతారు. ఏడు లూపులు, రెండంగుళాల బెల్టు పట్టేలా, కింద పైన రెండేసి కుట్లు వేయమనండి. ఏజెన్సీ ఇచ్చే రెడీమేడ్ ప్యాంటయితే ఇంకో రెండు లూపులు వేయించుకోండి, వాటికి గుడ్డ ప్యాంటు మడతలోనే దొరుకుతుంది.