1966 ఎంజీబీ రోడ్‌స్టర్: రిస్టోరేషన్ తర్వాత మొదటి 500 మైళ్లు

పాత కారు కొత్త పెయింటుతో షెడ్డులోంచి బయటికి రాగానే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. నా లెక్కలో సగమే అయినట్టు. మిగతా సగం రోడ్డు మీద జరగాలి, అది నడిపేవాడి పని. మా ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే టాప్ తీసి నడిపే రెండు సీట్ల పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, ఈ మధ్యే 500 మైళ్లు దాటింది. మొదటి ఆయిల్ మార్చాను, హెడ్ నట్లు మళ్లీ బిగించాను, ట్యాపెట్లు (వాల్వుల సందు) 15 థౌకి, అంటే అంగుళంలో వెయ్యోవంతులు 15కి, సరిచేశాను. ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లలో ఇలాంటి బండి మీద మనసున్నవాళ్లు చాలామందే ఉన్నారు, తరచూ అడుగుతుంటారు. అందుకే బండి గురించీ, దాన్ని బాగుచేసిన షెడ్డు పని గురించీ వివరంగా రాస్తున్నాను.

ఎంజీబీ 1962లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1980 దాకా తయారైంది. మొత్తం 5 లక్షలకు పైగా బండ్లు. మాది 1966 మోడల్, రంగు ఓల్డ్ ఇంగ్లిష్ వైట్, లోపల ఎర్ర తోలు సీట్లు. 1798 సీసీ ఇంజన్, ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్లు రెండు, 95 హార్స్‌పవర్. ఈ రోజుల్లో మామూలు ఫ్యామిలీ కారుకి కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఈ బండిని అంకెలతో కొలిచేవాళ్లకి ఇక్కడే నిరాశ కలుగుతుంది. కానీ నాకు ఈ ఇంజన్‌తో వేరే చుట్టరికం ఉంది.

ఇది బీఎంసీ (బ్రిటిష్ మోటర్ కార్పొరేషన్) వాళ్ల బి సిరీస్ ఇంజన్. మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు నడిచిన 1489 సీసీ ఇంజనుదీ ఇదే కుటుంబం. అంబాసిడర్‌కి మూలమైన మారిస్ ఆక్స్‌ఫర్డ్ తయారైంది కూడా ఆబింగ్డన్‌కి దగ్గర్లోనే, కౌలీలో. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో అరిగిన సిలిండర్లని మళ్లీ తొలిచే రీబోరింగ్ షెడ్ నడిపారు. ఆ బ్లాకుల మీద పనిచేసే చేతుల్ని చూస్తూ పెరిగాను నేను. సెల్ఫ్ కొట్టగానే వచ్చే ఆ బొంగురు గొంతూ, చల్లగా ఉన్నప్పుడు వినిపించే ట్యాపెట్ల టిక్కుటిక్కూ ఆబింగ్డన్‌లోనూ అవే. అంబాసిడర్ ఎరిగినవాళ్లెవరైనా కళ్లు మూసుకుని విన్నా చెప్పేస్తారు.

స్టార్ట్ చేయడమే ఒక పని ఈ బండిలో, నాకు చాలా ఇష్టమైన పని. తాళం ఒక మెట్టు తిప్పగానే వెనక నుంచి ఎస్‌యూ పెట్రోల్ పంపు టకటకమని కొట్టుకుంటుంది. కార్బొరేటర్ల ఫ్లోట్ గిన్నెలు నిండేకొద్దీ ఆ చప్పుడు మందగించి, పూర్తిగా ఆగిపోతుంది. ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే ఎక్కడో పెట్రోల్ కారుతోందనో, ట్యాంకు ఖాళీ అనో అర్థం. ఆగాక చోక్ పూర్తిగా లాగి సెల్ఫ్ కొడితే అందుకుంటుంది. అప్పుడు చూడాల్సింది ఆయిల్ ప్రెషర్ ముల్లు. ఆయిల్ ప్రెషరూ నీళ్ల వేడీ ఒకే గేజీలో పైనా కిందా ఉంటాయి కాబట్టి ఒక్క చూపు చాలు.

మొదటి వారం నాన్నకి ఫోన్ చేశాను. ఆయన పెయింటు గురించి అడగలేదు, ఆయిల్ ప్రెషర్ గురించే అడిగారు.

"వేడెక్కాక ఎంత నిలుస్తోందిరా?"

"నడుస్తుంటే 60, ఐడిల్‌లో 20 నాన్నా."

"అయితే బేరింగులు బాగా కూర్చున్నాయి. ఇంక ఒకే స్పీడులో లాగకు. ఎక్కిస్తూ దించుతూ నడుపు."

ఆ మాటలో ఎంత విషయం ఉందో, కొత్తగా బోర్ చేసిన ఇంజన్ చేతికొచ్చినవాళ్లు తెలుసుకోవాలి. హోనింగ్ చేసిన, అంటే రాయితో సానపట్టిన, సిలిండర్ గోడల మీద సన్నని గీతలుంటాయి. రింగులు ఆ గీతల మీద రాసుకుని గోడకి సరిగ్గా అతుక్కోవాలంటే లోపల పేలుడు ఒత్తిడి వాటిని బయటికి నెట్టాలి. అతి జాగ్రత్తతో ఐడిల్‌లో ఉంచినా, అదే పనిగా నెమ్మదిగా నడిపినా ఆ ఒత్తిడి చాలదు. గోడలు నున్నగా అద్దంలా అయిపోతాయి, తర్వాత బండి ఆయిల్ తాగుతూనే ఉంటుంది. అలాగని విపరీతంగా తొక్కకూడదు, టాప్ గేరులో గునుస్తూ ఎత్తు ఎక్కించకూడదు. ఇంజన్‌ని నిమిషానికి 3500 చుట్ల లోపు తిప్పుతూ, మధ్యమధ్యలో గట్టిగా యాక్సిలరేటర్ ఇచ్చి వదిలేస్తుండాలి. వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ కొత్తది వేస్తే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే ఓ 20 నిమిషాల పాటు 2000 దగ్గర తిప్పాలి. ఇది షెడ్డులోనే జరగాల్సిన పని. మా షెడ్డు వాళ్లు సరిగ్గా చేశారు, నన్ను పక్కన నిలబెట్టుకుని మరీ.

ఇంజన్ పనికి వాళ్లకి పూర్తి మార్కులు. బాడీకి కూడా దాదాపు అంతే. ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద ఉండే సిల్స్ తుప్పు పడితే బండి నడుం విరిగినట్టే. వాటిని కోసి కొత్తవి వెల్డింగ్ చేసేటప్పుడు బాడీని గట్టిగా బిగించి ఉంచకపోతే మధ్యలో కుంగుతుంది, ఆ తర్వాత తలుపులు ఎన్నటికీ సరిగ్గా పడవు. మా బండి వెనక భాగాన్ని జాకీ మీద లేపి తలుపు తీశాను, వేశాను. సందు వెంట్రుకవాసి కూడా మారలేదు. పెయింటు మెరుపు కంటే ఆ తలుపు పడిన చప్పుడే నాకు ఎక్కువ తృప్తినిచ్చింది.

వైరింగ్ దగ్గర మాత్రం వాళ్ల మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. మూడు, నాలుగు గేర్లలో ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజన్ తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు) ఉంది దీనికి, డ్యాష్‌బోర్డు మీద చిన్న స్విచ్. అది పనిచేస్తే 60 మైళ్ల వేగంలో 3300 పైన తిరుగుతున్న ఇంజన్ 2700కి దిగి హాయిగా ఊపిరి తీసుకుంటుంది. మొదటి డ్రైవ్‌లో అది పడలేదు. షెడ్డు వాళ్లు ఫోన్‌లో ఓవర్‌డ్రైవ్ యూనిట్టే పోయిందేమో అన్నారు. అంటే గేర్‌బాక్స్ దించాలి, ఇంజన్ కూడా బయటికి లాగాలి. మల్టీమీటర్ పట్టుకుని వైరు వెంట వెతికితే వైర్లని కలిపే ఒక బుల్లెట్ కనెక్టర్ వదులుగా ఉంది. దాన్ని శుభ్రం చేసి నొక్కగానే ఓవర్‌డ్రైవ్ పడింది. పాత బండ్లలో కరెంటు సమస్యల్లో చాలా భాగం వైరు కొసల్లోనో, ఎర్త్‌లోనో ఉంటాయి. ఇంత ఖర్చుపెట్టించిన షెడ్డు దాన్ని చూసి పంపాల్సింది. రేడియేటర్ కింద గొట్టం దగ్గర నీళ్లు చెమర్చడం కూడా మొదటి వారంలోనే బయటపడింది. క్లిప్ ఇంకో చుట్టు బిగిస్తే ఆగింది. అలాంటివి వస్తాయి, దానికి నేనెవర్నీ ఏమీ అనను.

స్పోక్ చక్రాలున్నవాళ్లకి ఒక మాట. చక్రం మధ్యలో రెండు చెవుల స్పిన్నర్ ఉంటుంది, రాగి సుత్తితో కొట్టి బిగిస్తారు. ఏ వైపు తిప్పితే ఊడుతుందో దాని మీద బాణం గుర్తు ఉంటుంది. చక్రం ఎప్పుడు తీసి వేసినా, కాసేపు నడిపాక ఆపి మళ్లీ సుత్తి వేయాల్సిందే.

రోడ్ల విషయానికొస్తే, మొదట ఏ415 మీద విట్నీ వైపు వెళ్లాం. న్యూబ్రిడ్జ్ దగ్గర థేమ్స్ మీద 13వ శతాబ్దపు రాతి వంతెన ఉంది, ఇరుకు. ఎదురుగా వచ్చే బండి కోసం ఆగాల్సి వస్తుంది. ఈ మోడల్‌లో ఫస్ట్ గేరుకి సింక్రోమెష్ (గేరు రాపిడి లేకుండా పడేలా వేగాలు కలిపే ఏర్పాటు) లేదు. బండి పూర్తిగా ఆగితే తప్ప ఫస్ట్ వేయకూడదు, కదులుతుండగా వేయాలంటే డబుల్ క్లచ్ కొట్టాలి. పాత లారీలు నడిపినవాళ్లకి ఇది చిటికెలో పని. మిగిలినవాళ్లకి వారంలో కాలికి అలవాటవుతుంది.

కానీ ఈ బండి అసలు స్వభావం తెలిసింది బి4507 మీద. వాంటేజ్ నుంచి పడమరకి కొండల పాదాల వెంట మెలికలు తిరుగుతూ పోయే రోడ్డది. ఎడమ చేతి వైపు గుట్ట మీద సుద్దతో గీసిన అఫింగ్టన్ తెల్ల గుర్రం, దాదాపు 3000 ఏళ్ల నాటిది. టాప్ తీసేసి, థర్డ్ గేరులో 45 మైళ్ల దగ్గర పట్టుకుంటే చాలు. రాక్ అండ్ పీనియన్ స్టీరింగ్, పవర్ అసిస్ట్ లేదు. ముందు టైరు చిన్న రాయి ఎక్కినా అరచేతికి తెలుస్తుంది. మలుపులోకి తిప్పగానే ముక్కు మారు మాట్లాడకుండా లోపలికి తిరుగుతుంది. వెనక కమాన్ కట్టలే కాబట్టి మలుపు మధ్యలో గుంత తగిలితే తోక ఒక్క క్షణం పక్కకి జరిగి సర్దుకుంటుంది. భయపడాల్సినదేమీ కాదు, ముందే చెబుతుంది. 45 మైళ్ల వేగంలో ఇంత సంతోషం ఇచ్చే కారును నేను ఇంకోటి నడపలేదు. మోటర్‌వే మీద 100 దాకా పోగలదని పుస్తకాల్లో ఉంది. నాకు ఆ అవసరం కనిపించలేదు.

బ్రేకులు మంచివే, ముందు డిస్కులు. కానీ తొక్కుడికి బలమిచ్చే సర్వో లేదు, పాదంతో గట్టిగా తొక్కాలి. ఆధునిక కారు దిగి వచ్చి ఇందులో కూర్చున్న మొదటి పది నిమిషాలూ ముందున్న బండికి చాలా దూరం వదలండి. హీటర్ పేరుకే ఉంది. ఓవర్‌డ్రైవ్ వేశాక కూడా 60 దాటితే గాలి హోరులో మాటలు వినిపించవు. మా ఆవిడ మాట్లాడాల్సినవన్నీ ఊళ్లలోకి వచ్చి 30కి దిగాక మాట్లాడుతుంది. బర్ఫర్డ్ హైస్ట్రీట్ వాలులో విండ్రష్ నది వైపు దిగుతున్నప్పుడు "దీన్ని అమ్మకండి" అంది. ఖర్చు తెలిసిన మనిషి ఆ మాట అనడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఖర్చు గురించి దాచను. పూర్తి రిస్టోరేషన్‌కి పెట్టిన డబ్బు ఈ బండి అమ్మితే రాదు. లాభానికైతే వద్దు. నడపడానికి మాత్రం అనుకున్నంత భారం కాదు. 40 ఏళ్లు దాటిన బండి కాబట్టి హిస్టారిక్ కింద నమోదు చేయిస్తే రోడ్ టాక్స్ లేదు. పెద్ద మార్పులు చేయకుంటే ఎంఓటీ (ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష) కూడా తప్పనిసరి కాదు, అయినా నేను చేయిస్తున్నాను, ఇంకో జత కళ్లు కింద చూడటం మంచిది. 2021 నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్ ఈ10 (10 శాతం దాకా ఇథనాల్ కలిసినది) అయింది, పాత రబ్బరు గొట్టాలకి అది పడదు, సూపర్ గ్రేడ్ ఈ5 పోయిస్తున్నాను. ఆయిల్ 20డబ్ల్యూ-50, జింకు తగినంత ఉన్నది. ముందు చక్రాలు తిరిగే ఇరుసులైన కింగ్‌పిన్‌లకి గ్రీజు గన్‌తో క్రమంగా గ్రీజు కొట్టాలి, అంబాసిడర్‌కి కొట్టినట్టే.

కొనదలచుకుంటే 1964 అక్టోబరు తర్వాతి బండి చూడండి, క్రాంక్‌కి అయిదు మెయిన్ బేరింగులు అప్పటి నుంచే. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం రబ్బరు బంపర్లు పెట్టి బండి ఎత్తు పెంచారు, మలుపుల్లో ఆ తేడా తెలుస్తుంది, కాబట్టి అంతకు ముందువే మేలు. 1967 చివరి వరకూ వచ్చినవాటికి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుందని గుర్తుంచుకోండి, జంప్ లీడ్లు తగిలించే ముందు ఎవరి మాటా వినకుండా మీరే చూసుకోవాలి. బాడీ మరీ పాడైపోయి ఉంటే దిగులు పడనక్కర్లేదు. ఇప్పుడు విట్నీలో ఉన్న బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ వాళ్లు 1988 నుంచి పాత అచ్చులతోనే కొత్త బాడీలు తయారుచేస్తున్నారు. ఇంజన్ విడిభాగాలు దాదాపు అన్నీ దొరుకుతాయి. కొనేముందు జాకీ ఒకటి పట్టుకెళ్లి, బండి వెనక భాగం లేపి, రెండు తలుపులూ తీసి వేసి చూడండి. తలుపులు బిగుసుకుంటే మాత్రం బేరం వదిలేసి వచ్చేయండి.