సీటా, ఉచిత కోచింగా, చేరాక తోడా: ఏది మేలు?

డాక్టర్ సీట్ల నీట్ ఫలితాలు రాగానే మా చెన్నై వ్యాసర్పాడి తెలుగువాళ్ల ఇళ్లలో ఏటా ఇదే వాదన. సర్కారు బడి పిల్లలకి ఫ్రీగా కోచింగ్ ఇస్తే చాలదా, విడిగా సీట్లెందుకు అని. నేనైతే సీటు వైపే.

కోచింగ్ వద్దనను. కానీ అది కాసేపటి క్లాసు. లక్షలు పోసి, ఒకసారి రాకపోతే ఇంకో ఏడాది ఇంట్లో కూర్చుని చదివేవాళ్లతో పోటీ. మనవాళ్ల ఇంట్లో పిల్లాడు ఏడాది ఖాళీగా ఉంటే ఇల్లు గడవొద్దూ?

తమిళనాడు 2020లో తెచ్చిన చట్టం పోటీనే మార్చింది. ఆరో తరగతి నుంచి ప్లస్ టూ దాకా సర్కారు బడిలో చదివి నీట్ గట్టెక్కినవాళ్లకి 7.5 శాతం మెడికల్ సీట్లు, పోటీ వాళ్లలో వాళ్లకే. అంతకుముందు ఏడాది వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే, చట్టం వచ్చిన ఏడాదే వందల్లో చేరారు. అయితే మొదట్లో ప్రైవేటు కాలేజీలో సీటొచ్చినా ఫీజు కట్టలేక వదులుకున్నవాళ్లున్నారు, ఆ గోల తర్వాతే ఫీజు మేమే కడతామంది ప్రభుత్వం. ఫీజు లేని సీటే సీటు, మిగతాది కాగితం.

ఇంకోటి. ఈ ఊరి వీధులు ఊడ్చేవాళ్లలో తెలుగు మాట్లాడే అరుంధతీయులు, ఆది ఆంధ్రులు ఎంతమందో. ఎస్సీల 18 శాతం కోటాలో వాళ్లకి 3 శాతం 2009లోనే విడిగా ఇచ్చారిక్కడ. అదే వర్గీకరణ ఆంధ్రాలో, తెలంగాణలో ఎన్నేళ్లు నలిగిందో మీకు చెప్పక్కర్లేదు.

మరి సీటొస్తే అయిపోయిందా? లేదు. మా అక్క కొడుకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఎంబీబీఎస్‌లో చేరితే పుస్తకాలన్నీ ఇంగ్లీషు. పేర్లన్నీ తమిళ అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టాడు. అలా రాస్తే తుంటి ఎముకా ఇలియమే, చిన్నపేగు చివరి భాగమూ ఇలియమే! ఇంగ్లీషులో తేడా ఒక్క అక్షరం. పరీక్షలో పేగు అడిగితే ఎముక గురించి రెండు పేజీలు రాసొచ్చాడు, కాలేజీలో ఎవరూ కారణం అడగలేదు, సున్నా వేసి పంపారు.

అందుకే నా వరస: ముందు ఫీజు లేని సీటు, వెంటనే ఫస్టియర్‌లో భాషకి తోడు, ఆ తర్వాతే కోచింగ్. వాడికి చివరికి దారి చూపింది ఒక సీనియరమ్మాయి. పేగంటే తిండి, తిండంటే ఈటింగ్, కాబట్టి పేగు ఇలియంలో నడుమ ‘ఈ’ అక్షరం, ఎముకదానిలో ‘ఐ’ అని. ఇప్పుడు వాడి నోట్సులో ఆ ఒక్క అక్షరం ఎర్రగా ఉంటుంది.