చెక్ బౌన్స్ అయితే 138 కేసా, సివిల్ దావానా, పోలీస్ కంప్లైంటా?

మా నాన్న 40 టిక్కీల (బస్తాల) మిర్చి కల్లంలోనే అమ్మి 2,40,000 రూపాయలకు చెక్కు తీసుకున్నాడు. బ్యాంకులో వేస్తే వెనక్కి వచ్చేసింది, దాంతోపాటు 'ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్' అని ప్రింటయిన చిన్న కాగితం, దాన్నే మెమో అంటారు. వ్యాపారికి ఫోన్ చేస్తే "ఒక్క వారం ఆగండి పెద్దాయనా" అన్నాడు. ఆ ఒక్క వారం ఐదు వారాలయింది. ఈలోపు 138 కేసుకి (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద వేసే చెక్ బౌన్స్ కేసు) ముందు పంపాల్సిన నోటీసు గడువు దాటిపోయిందని మాకు లాయరు దగ్గరికి వెళ్లాకే తెలిసింది.

చెక్కు తేదీ నుంచి 3 నెలలు ఇంకా పూర్తి కాలేదు కాబట్టి బతికిపోయాం. లాయరు గారు దాన్నే మళ్లీ బ్యాంకులో వేయించారు, మళ్లీ బౌన్స్ అయింది, కొత్త మెమో వచ్చింది, దాంతో కొత్తగా 30 రోజులు దొరికాయి.

ఇక అసలు సంగతి. చాలామంది ముందు పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తుతారు. చీటింగ్ కేసు నిలబడాలంటే చెక్కు ఇచ్చిన రోజే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం ఉందని చూపించాలి, అది చాలా కష్టం. స్టేషన్ చుట్టూ తిరుగుతూ ఉంటే 30 రోజులు అక్కడే అయిపోతాయి.

నా లెక్కలో ముందు పట్టుకోవాల్సింది 138 కేసే. మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అది అందాక అతనికి 15 రోజుల టైమ్ ఉంటుంది, అప్పటికీ కట్టకపోతే నెలలోపు మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి. నోటీసులో చెక్కు మొత్తం అంకె తేడా లేకుండా రాయించండి, టైపింగ్ తప్పు పడినా కేసు పోతుంది. నోటీసు పంపిన పోస్టు రసీదు, అది అందినట్టు రుజువు రెండూ దాచుకోండి. ఈ కేసులో పెద్ద బలం ఏంటంటే, సంతకం తనదేనని తేలితే అప్పు ఉన్నట్టే కోర్టు అనుకుంటుంది, లేదని చూపించాల్సిన బాధ్యత అతనిదే. పైగా మన ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులోనే కేసు, అంటే వాయిదాలకి మన ఊరికి అతనే రావాలి. రెండేళ్ల వరకు జైలు, చెక్కుకి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. 2018లో అదే చట్టంలోకి వచ్చిన 143ఎ సెక్షన్ ప్రకారం కేసు నడుస్తుండగానే 20 శాతం దాకా, అంటే మా లెక్కలో 48,000 వరకు, ముందుగా ఇప్పించమని అడగొచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం, కానీ అడగకుండా ఊరుకోవద్దు.

సివిల్ దావాకి 3 ఏళ్ల గడువుంది, అదే దాని సుఖం. కాకపోతే అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి, డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) వచ్చాక కూడా డబ్బు చేతికి రావాలంటే ఈపీ (డిక్రీని అమలు చేయించమని కోర్టులో వేసే పిటిషన్) వేసి ఆస్తి జప్తు చేయించాలి. 138 గడువు పూర్తిగా పోయినవాళ్లకి దారి ఇదే. అతను ఇల్లో పొలమో అమ్మేసి చేతులెత్తేసేలా ఉన్నాడనిపిస్తే మాత్రం 138 ఉన్నా సరే దావా కూడా వేసి, తీర్పుకి ముందే జప్తు అడగడం మంచిది. రెండూ ఒకేసారి నడపొచ్చు, ఒకటి వేస్తే ఇంకోటి పోతుందన్న భయం అక్కర్లేదు.

రాజీకి వస్తానంటే? నోటి మాట మీద కేసు వెనక్కి తీసుకోకండి, ఎంత బంధుత్వం ఉన్నా సరే. లోక్ అదాలత్‌లో రాయించుకోండి. రాజీ మీద అక్కడ ఇచ్చే ఉత్తర్వుని అవార్డు అంటారు, అది సివిల్ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, 138 కేసులో జరిగిన రాజీకైనా అంతే.

మేమూ అక్కడే అతను మూడు వాయిదాల్లో డబ్బు కట్టేలా ఒప్పుకున్నాం. రెండు వచ్చాయి. మూడోది సంక్రాంతి తర్వాత రావాలి, తేదీ దాటితే ఈపీ వేయడానికి అవార్డు కాపీ ఇప్పటికే తీసుకుని నాన్న ట్రంకు పెట్టెలో పెట్టాడు.